మీకు తెలుసా? లెక్కంతా ఆ మధ్య ఎడంలోనే ఉంది!

యంత్రం ఎన్నిసార్లు చెడిపోయిందో అందరూ లెక్కపెడతారు. చురుకైన ఇంజనీరు ఇంకోటి లెక్కపెడతాడు! ఒకసారి ఆగాక మళ్లీ ఆగేదాకా ఎంతసేపు నడిచింది? ఆ ఎడాన్ని కాగితం మీద ఒక చుక్కగా పెడతాడు. పైన ఒక గీత, కింద ఒక గీత. చుక్క కింది గీత కంటే దిగిందా, అలారం! పై గీత దాటిందా, మిఠాయిలు పంచాలి! ఒకే కాగితం మీద ఏడుపూ నవ్వూ చెప్పే 2 గీతలు. దీని పేరే సంఘటనల మధ్య కాలానికి వేసే కంట్రోల్ చార్టు.

అసలు కంట్రోల్ చార్టు ఎంత పెద్ద పుస్తకంలో పుట్టిందనుకుంటున్నారు? ఒక్క పేజీలో! అమెరికాలో వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి రాసిన చిన్న నోట్ అది. తేదీ 1924 మే 16. అందులోనూ కొంత భాగం బొమ్మే! వందేళ్లు దాటాయి. ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో ఆ బొమ్మే రాజ్యమేలుతోంది.

మరి ఆ పాత బొమ్మ చాలదా? చాలదు! నెలకి ఎన్ని తప్పులని లెక్కపెట్టే చార్టుంది కదా, దానికో విచిత్రమైన రోగం. సగటున నెలకి 9 తప్పుల కంటే ఎక్కువ జరిగితేనే దాని కింది గీత సున్నా దాటి పైకి వస్తుంది! అంతకంటే తక్కువైతే కింది గీతే ఉండదు. అంటే మీరు బాగుపడుతున్నారని ఆ చార్టు చెప్పాలంటే, ముందు మీరు బోలెడు తప్పులు చేస్తూ ఉండాలి! ఇదేం న్యాయం?

ఇంకా వినండి. లక్ష వస్తువులకి ఒక్కటి పాడయ్యే మంచి ఫ్యాక్టరీ ఉందనుకోండి. రోజుకి వెయ్యి వస్తువులు తీసి పరీక్షిస్తారు. 100 రోజుల్లో సుమారు 99 రోజులు చార్టు మీద పడేది సున్నానే! సున్నా, సున్నా, సున్నా... గుమాస్తా నిద్రపోతాడు. మిగిలిన ఆ ఒక్కరోజు ఒక తప్పు దొరగ్గానే చార్టు గగ్గోలు పెడుతుంది. తప్పులు అరుదైపోతే లెక్కపెట్టడమే దండగ. ఎడం కొలవడం ఒక్కటే దారి!

సున్నా అంటే క్షేమమేనా? 300 ఆపరేషన్లు చేశారు. ఒక్కరికీ ఇన్ఫెక్షన్ రాలేదు. భేష్! కానీ ఆగండి. ఇలాంటి సున్నాలకి ఒక సులువు లెక్కుంది. 3ని 300తో భాగించండి. నూటికి ఒకటి! అసలు ప్రమాదం అంతదాకా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో అంతకు మించదని మాత్రమే చెప్పగలం. ఏమీ జరగకపోయినా లెక్క మాత్రం సున్నా చెప్పదు!

ఇప్పుడు అసలు రహస్యం. ఇంకాస్త దగ్గరికి రండి. ఒక పంపు సగటున 1,000 గంటలకోసారి చెడిపోతుంది. ఏ వరసా వావీ లేకుండా, ఇష్టం వచ్చినప్పుడు! మరి వెయ్యి గంటలు నిండేదాకా అది నిలిచే అవకాశం ఎంత? సగమా? కాదు! దాదాపు 37 శాతమే! మిగిలిన 63 శాతం సార్లు సగటు రాకముందే మొరాయిస్తుంది. సగటు గంటలు చూసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకునే మేనేజర్లూ, విన్నారా?

నమ్మకం కుదరలేదా? ఆకాశం వైపు చూడండి! బోయింగ్ 720 విమానాల ఏసీ యంత్రాల లెక్కలు 1963లో ఫ్రాంక్ ప్రోషన్ అనే గణాంక శాస్త్రవేత్త అచ్చువేశాడు. అందులో ఒక విమానానికి 30 ఎడాలున్నాయి. ఒకసారి 261 గంటలు హాయిగా నడిచింది. ఇంకోసారి బాగుచేసిన ఒక్క గంటకే చెడింది! సగటు తీస్తే 59.6 గంటలు. మరి సగటు కంటే చిన్న ఎడాలెన్ని? 30లో 19! శాతం కట్టండి. 63! సిద్ధాంతం కాగితం మీద ఏం చెప్పిందో, గాలిలో ఎగిరే విమానం అచ్చంగా అదే చేసి చూపించింది. నాకైతే ఈ మొత్తం విషయంలో ఇంతకంటే ముద్దొచ్చే అంకె లేదు!

ఆ విమానాలు ఇంకో గారడీ కూడా చేశాయి. విడివిడిగా చూస్తే ఏ విమానం ఏసీకీ పాతబడుతున్న జాడ లేదు. 13 విమానాల లెక్కలూ ఒకే కుప్పగా పోస్తే? వయసు పెరిగేకొద్దీ ఏసీలు గట్టిపడుతున్నట్టు కనిపించింది! ముసలితనంలో యవ్వనం! కిటుకు ఏమిటంటే, విమానం విమానానికీ సగటు వేరు. బలహీనమైన వాటి ఎడాలు ముందే తెగిపోతాయి, పొడుగు ఎడాల దగ్గర గట్టివే మిగులుతాయి. అందుకే రెండు యంత్రాల చుక్కల్ని ఒకే చార్టులో కలపకండి!

మన పంపు దగ్గరికి వద్దాం. పాత అలవాటు కొద్దీ దాని చార్టుకి సగటు చుట్టూ మూడు సిగ్మాల దూరంలో గీతలు గీశారనుకోండి. సిగ్మా అంటే లెక్కలు ఎంత చెదిరాయో చెప్పే కొలత, ఈ పంపుకి అదీ 1,000 గంటలే. కింది గీత ఎక్కడ పడుతుందో తెలుసా? మైనస్ 2,000 గంటల దగ్గర! అంటే పంపు బిగించడానికి దాదాపు మూడు నెలల ముందే చెడిపోతే తప్ప అలారం మోగదు! నవ్వొస్తోందా? ఈ గీతని నిజంగా గీసినవాళ్లు లేకపోలేదు.

పై గీత మాత్రం తక్కువ తిందా? అదే పద్ధతిలో అది 4,000 గంటల దగ్గర పడుతుంది. ఏ మార్పూ లేకపోయినా సుమారు 55 ఎడాల్లో ఒకటి దాన్ని దాటేస్తుంది! పంపు ఎప్పట్లాగే ఉంటుంది, పార్టీ మాత్రం జరిగిపోతుంది.

మరి సరైన కింది గీత ఎక్కడ? గంటా 21 నిమిషాల దగ్గర! అవును, వెయ్యి గంటల పంపుకి! బాగుచేసిన గంటా 21 నిమిషాల్లోపు మళ్లీ ఆగితే తప్ప చార్టు కేక పెట్టదు. అంత ఓపికా? అంత ఓపికే! ఇష్టం వచ్చినట్టు వచ్చే సంఘటనలు ఒక్కోసారి వెంటవెంటనే పడతాయి. అది వాటి స్వభావం.

పై గీత కూడా ఆశ్చర్యమే! సరిగ్గా గీస్తే 6,608 గంటల దగ్గర పడుతుంది. దాదాపు తొమ్మిది నెలలు ఆగకుండా నడిస్తేనే, ఇందులో నిజంగా ఏదో మంచి జరిగిందని చార్టు ఒప్పుకుంటుంది!

నడుమ గీత 1,000 దగ్గర ఉంటుందనుకున్నారు కదూ? 693 దగ్గర! సగం చుక్కలు పైన, సగం కింద పడాలంటే అక్కడే ఉండాలి. సగటు దగ్గర పెడితే దాదాపు మూడింట రెండొంతుల చుక్కలు కిందే కనిపించి, మెకానిక్కి ఊరికే తిట్లు పడతాయి!

ఇంత జాగ్రత్తగా గీసినా ఉత్తుత్తి అలారాలు తప్పవు. అంతా బాగున్నా సగటున 370 చుక్కలకోసారి ఏదో ఒక గీత దాటుతుంది! 370 సార్లు చెడిపోయే పంపుని ఎవరూ ఉంచుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకోండి! పంపు మునుపటి కంటే 30 శాతం తరచుగా చెడిపోవడం మొదలెట్టింది. చార్టు ముందే అరవాలి కదా? అరవదు! 370 చుక్కలకి మోగాల్సిన అలారం 515 చుక్కలకి మోగుతుంది! జబ్బు ముదిరితే డాక్టరు నిద్రలోకి జారుకున్నాడన్నమాట. కారణం? పై గీత దాటే చుక్కలు చప్పున మాయమైపోతాయి. కింది గీత దాటేవి మాత్రం మెల్లగా పెరుగుతాయి. రెండూ కలిపితే అలారాలు తగ్గుతాయి! ఈ రంగంలో పనిచేసేవాళ్లకి ఇది పాత తలనొప్పే. బయటివాళ్లకి చెబితే మాత్రం నమ్మరు!

అసలు చురక ఇంకా ఉంది. పంపు రెట్టింపు తరచుగా చెడిపోతోంది. ఇప్పుడైనా చార్టు త్వరపడుతుందా? మళ్లీ 370 చుక్కలే! అంతా బాగున్నప్పుడు ఎంతో, రెట్టింపు పాడైనప్పుడూ అంతే! ఇలాంటి కాపలాదారుకి జీతం ఎందుకు?

విరుగుడు ఉంది! ఒక్కో ఎడం కాకుండా నాలుగేసి కలిపి ఒక చుక్క పెట్టండి. కింది గీత గంటా 21 నిమిషాల నుంచి ఒక్కసారిగా 465 గంటలకి ఎగిరి కూర్చుంటుంది! చార్టుకి కళ్లొచ్చినట్టే. ఎడాల్ని కలిపి చూసే ఈ చార్టుల్ని షీ, గో, రంజన్ ముగ్గురూ యంత్రాల నమ్మకాన్ని గమనించేందుకు 2002లో వివరంగా చూపించారు. రెండేసి కలిపినా గీత 53 గంటలకి లేస్తుంది. ఒక్క ఎడం నుంచి రెండు ఎడాలకి, దాదాపు 40 రెట్లు!

ఫలితం చూడండి. పంపు మూడు రెట్లు తరచుగా చెడిపోతోందనుకుందాం. కింది గీతొక్కటే పట్టుకుని ఒక్కో ఎడం చూస్తే 247 సార్లు చెడ్డాక గానీ తెలియదు. నాలుగేసి కలిపితే 75కే పట్టేస్తుంది! ఒక కూడికకి ఇంత ఫలం!

ఇంకా ఆత్రంగా ఉందా? గతాన్నంతా పోగేసుకుంటూ పోయే చార్టు ఉంది. క్యూసమ్ అంటారు. బ్రిటన్‌లో ఇ.ఎస్. పేజ్ 1954లో తెచ్చాడు. చిన్న చిన్న అపశకునాల్ని కూడా మూటగట్టుకుంటుంది! ఒక్క చుక్కా గీత దాటకపోయినా, మూట బరువెక్కగానే కేక పెడుతుంది. మెల్లగా ముదిరే జబ్బులకి నా ఓటు దీనికే.

అదే క్యూసమ్‌ని ఎడాలకి ఎలా వాడాలో చెప్పే రెండు వ్యాసాలు ఒకే ఏడాది, ఒకే పత్రికలో పడ్డాయి! 1985, టెక్నోమెట్రిక్స్. ఒకటి లూకస్‌ది. ఇంకోటి వార్డెమన్, రే ఇద్దరిదీ.

గుడిగంట ఆకారంలో సర్దుకునే లెక్కలకి వేసే మామూలు చార్టే కావాలని పట్టుబట్టేవాళ్లకి ఒక చిట్కా! ప్రతి ఎడాన్నీ 0.2777 ఘాతానికి ఎక్కించండి. అంతే! వంకర టింకర లెక్కలన్నీ ముచ్చటైన గంట ఆకారంలోకి సర్దుకుంటాయి. 1994లో లాయిడ్ నెల్సన్ చెప్పిన మంత్రం ఇది. క్యాలిక్యులేటర్లో వర్గమూలం మీట రెండుసార్లు నొక్కినా దాదాపు అదే పని జరుగుతుంది!

ఇక బొగ్గు గనుల్లోకి దిగుదాం. పదిమందికి తగ్గకుండా బలిగొన్న బ్రిటన్ గని పేలుళ్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎన్ని రోజులు? 1952లో మగ్వైర్, పియర్సన్, విన్ ముగ్గురూ 109 ఎడాల్ని లెక్కగట్టి అచ్చువేశారు. మొదటి ఎడం 378 రోజులు. ఆ తర్వాత 36, 15, 31! వణుకు పుట్టలేదూ?

ఆ పట్టిక గణాంక పాఠాల్లో స్థిరపడిపోయింది. తరం తరం దాని మీదే లెక్కలు చేసింది. కానీ అందులో తప్పులున్నాయి! ఎవరికీ తట్టలేదు. చివరికి 27 ఏళ్ల తర్వాత, 1979లో, జారెట్ అనే ఆయన పట్టుకుని సరిదిద్దాడు. తప్పుల్ని పట్టుకోవడం నేర్పే పట్టికలోనే తప్పులు!

సరిదిద్దిన పట్టిక 1851 నుంచి 1962 దాకా నడుస్తుంది. మొత్తం 191 పేలుళ్లు. అందులో అతి పొడుగు ఎడం ఎంతో చెప్పుకోండి! 2,366 రోజులు! ఆరేళ్లకి పైగా ఒక్క పెద్ద పేలుడూ లేదు. అతి చిన్న ఎడం? సున్నా! ఒకే రోజు రెండు!

ఆ చుక్కల్లో ఒక మలుపు దాగి ఉంది. సుమారు 1890 దాకా ఏడాదికి మూడు పేలుళ్లు. ఆ తర్వాత సుమారు ఒక్కటి! ఆ రోజుల్లో ఈ చార్టు ఎవరి గోడ మీదా లేదు. ఎడాలు పెరుగుతున్నాయని ఒక్కో ఏడాదీ చూసి చెప్పగలిగినవాడెవడు? ఇప్పుడు చుక్కలు పెడితే మాత్రం ఆ మలుపు ఇట్టే కనపడుతుంది!

అయితే ఎడం చార్టుకి ఒక కన్ను లేదు. బ్రిటన్ గనుల చరిత్రలోకెల్లా ఘోరమైన పేలుడు ఎప్పుడు జరిగిందో తెలుసా? పేలుళ్లు తగ్గిన కాలంలోనే! 1913 అక్టోబరు 14, వేల్స్‌లోని సెంగెనిడ్ గని. 439 మంది గని కార్మికులు పోయారు. చార్టు మీద అదీ ఒక చుక్కే, పదిమంది పోయిన పేలుడూ ఒక చుక్కే! ఎంత కాలానికి అన్నది చెబుతుంది గానీ ఎంత ఘోరం అన్నది చెప్పదు. ఎడాన్నీ తీవ్రతనీ జంటగా చూసే చార్టులు చాలా ఆలస్యంగా వచ్చాయి.

కంప్యూటర్ల సంగతి? 1940లలో పుట్టిన ఎనియాక్‌లో దాదాపు 18 వేల వాల్వులు! రెండు రోజులకోసారి ఏదో ఒకటి మాడిపోయేది. అది ఒక్క వాల్వూ చెడకుండా నడిచిన రికార్డు ఎంత? 116 గంటలు! అయిదు రోజులు కూడా కాదు. 1954లో సాధించారు. అప్పట్లో అది పండగే!

సాఫ్ట్‌వేర్ ఇంకా కొంటెది. అమెరికా నౌకాదళం సాఫ్ట్‌వేర్ ఒకటి తయారవుతుండగా 26 తప్పులు బయటపడ్డాయి. ఎడాలన్నీ రోజుల్లో రాసిపెట్టారు. 9, 12, 11, 4, 7... చివరి దశకి వచ్చేసరికి తప్పులు సద్దుమణిగాయి. ఒకసారి ఏకంగా 91 రోజుల మౌనం! అమ్మయ్య, అయిపోయింది అనుకున్నారేమో. తర్వాతి ఎడం? 2 రోజులు! ఆ తర్వాత? 1 రోజు! ఇరవయ్యారూ దొరికేసరికి సరిగ్గా 250 రోజులయ్యాయి. మౌనాన్ని నమ్మకూడదని చెప్పడానికి నేనైతే ఈ పట్టికనే చూపిస్తాను.

ఇందులో మనవాళ్ల చెయ్యీ ఉంది! గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిశోధకులు సాఫ్ట్‌వేర్ తప్పుల మధ్య ఎడాలకి కంట్రోల్ చార్టులు వేశారు. 2011 ప్రాంతంలో ఈ విషయం మీద వరసగా వ్యాసాలు అచ్చయ్యాయి. సాఫ్ట్‌వేర్లో తప్పులు దిద్దేకొద్దీ ఎడాలు పెరగాలి కదా! అందుకే అక్కడ చుక్క పైకి పాకితేనే ఆనందం.

హార్డ్ డిస్కు డబ్బా మీద సగటు 10 లక్షల గంటలని రాసి ఉంటుంది. లెక్కేస్తే 114 ఏళ్లు! మీ మునిమనవడికి ఇచ్చేద్దామనుకున్నారా? ఆగండి! ఆ డిస్కులు పదివేలు ఒకచోట పెట్టి నడిపితే, ఆ సగటు ప్రకారమే 100 గంటలకోసారి ఒకటి పోతుంది! నాలుగు రోజులకో డిస్కు. డేటా సెంటర్లలో వాటిని మార్చడానికి మనుషులు తిరుగుతూనే ఉంటారు.

పైగా ఆ సగటు కూడా తీపి మాటే! 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సుమారు లక్ష డిస్కుల చరిత్ర తిరగేశారు. కంపెనీల కాగితం ప్రకారం ఏడాదికి 0.88 శాతానికి మించి పోకూడదు. నిజంగా మార్చాల్సి వచ్చింది? కొన్నిచోట్ల 13 శాతం దాకా! ఎడాలు కూడా చెప్పినట్టు వినలేదు. ఒకటి పోతే వెంటనే ఇంకోటి పోవడం మామూలుగా కనిపించింది.

ఇది వింటే బుర్ర తిరుగుతుంది! మన వెయ్యి గంటల పంపు ఇప్పటికే 5,000 గంటలు ఆగకుండా నడిచింది. ఇంకెంతసేపు నడుస్తుంది? ఈ క్షణమో, మరుక్షణమో అనిపిస్తోంది కదూ! ఏ వరసా లేని సంఘటనల లెక్కలో జవాబు మళ్లీ సగటున వెయ్యి గంటలే! ఆ పంపుకి గతం గుర్తుండదు.

దాని అన్నయ్యలాంటి వింత ఇంకోటి. ఎప్పుడో ఒకప్పుడు, ముందు చెప్పకుండా, పంపు దగ్గరికి వెళ్లండి. మీరు వెళ్లిన క్షణం ఏ ఎడంలో పడిందో ఆ ఎడం సగటు పొడవెంత? 2,000 గంటలు! రెట్టింపు! పొడుగు ఎడంలో పడే అవకాశమే ఎక్కువ మరి. తనిఖీకి వెళ్లిన ప్రతి అధికారికీ పంపు భలే గట్టిదిగా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

సగటు ఎడాన్ని సుమారు పది శాతం తేడాతో తేల్చాలంటే ఎన్నిసార్లు చెడిపోవాలి? 100 సార్లు! ఏడాదికోసారి చెడే యంత్రమైతే నూరేళ్లు కాచుక్కూర్చోవాలి. యంత్రం మంచిదయ్యేకొద్దీ దాని గురించి మనకి తెలిసేది తక్కువ!

ఎడాలన్నీ ఒకే తీరున ఉండవు. అరిగిపోయే యంత్రానికి ఒక తీరు, కొత్తలో సతాయించే దానికి ఇంకో తీరు. అన్నిటికీ ఒకే సూత్రం ఇచ్చింది స్వీడన్ వాడు వైబుల్. 1951 వ్యాసంలో 7 ఉదాహరణలు చూపించాడు. ఒకటి ఉక్కు బలం. ఇంకోటి చిక్కుడు గింజల వెడల్పు! మరోటి? మన భారతదేశపు పత్తి పోగుల బలం! మన పత్తి ఉక్కు పక్కన కూర్చుంది చూశారా!

ఆపరేషన్ థియేటర్లోకీ ఈ చార్టులు నడిచి వచ్చాయి. లండన్‌లో పసిపిల్లల గుండె సర్జన్ మార్క్ డి లెవాల్ 1994లో తన 104 ఆపరేషన్ల లెక్కని తనే బయటపెట్టాడు. నవజాత శిశువుల గుండె ధమనుల్ని మార్చి కలిపే కష్టమైన ఆపరేషన్ అది. మధ్యలో వైఫల్యాలు ఒకచోట గుమిగూడాయి. దురదృష్టమా? చేతిలో లోపమా? చార్టు గీసి చూశాడు! మరణాల కోసమే కాచుకుంటే ఆలస్యమవుతుందని, ప్రాణం మీదికొచ్చి తప్పిన సందర్భాల్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. తన తప్పులకి తానే చార్టు గీసుకున్న సర్జన్! టోపీ తీసి దణ్ణం పెట్టాలి.

కొన్ని ఎడాలు ముగియనే ముగియవు! కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో ఒక బల్బు 1901 నుంచి వెలుగుతోంది. కరెంటు పోయినప్పుడు ఆరింది గానీ అది మాత్రం మాడలేదు! దాని చుక్క ఎక్కడ పెట్టాలి? ఇంకా పెట్టలేం. ముగియని ఎడాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి సుమా! దాన్ని వదిలేస్తే, తొందరగా పోయినవే మిగిలి సగటు అబద్ధం చెబుతుంది.

మొదటి చార్టు గీసిన షూహార్ట్ మన దేశానికీ వచ్చాడు! 1947-48లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద. ఆ విత్తనం మొలిచింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నాణ్యత విభాగాలు దేశంలో చాలాచోట్ల పుట్టాయి. హైదరాబాదులోనూ ఒకటి ఉంది!

ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు చూసే ఉంటారు. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు అని రాసి ఉంటుంది. అది కూడా ఎడం లెక్కే! కానీ సగం లెక్క. ప్రమాదం జరిగిన మర్నాడు అంకె చెరిపేసి సున్నా రాస్తారు. పాత ఎడం గోవిందా! 200 రోజులు ఎక్కువో తక్కువో ఆ బోర్డు చెప్పలేదు. పక్కన పాత ఎడాలూ, రెండు గీతలూ ఉంటే చెబుతుంది. పైగా ఆ అంకె పోతుందన్న భయంతో చిన్న దెబ్బల్ని దాచేసేవాళ్లు తయారవుతారు. నా మాట వింటే ఆ బోర్డు తీసి చార్టు పెట్టమంటాను.

మీరూ మొదలెట్టండి! ఇంట్లో బోరు మోటారో, ఇన్వర్టరో, మిక్సీయో రిపేరుకి వెళ్లిన ప్రతిసారీ తేదీని గోడ క్యాలెండరు మీద రాయండి. కొత్త ఏడాది రాగానే పాత క్యాలెండరు పారేయకండి! 5 తేదీలు పోగైతే మీ చేతిలో 4 ఎడాలున్నట్టే. నాలుగూ కూడండి. మెకానిక్ వచ్చినప్పుడు ఆ మొత్తం చూపించి, ఇది మామూలేనా అని అడగండి!